హాల్‌టికెట్ల ప్రశ్న

రిటైరయ్యే ముందు ఇరవై ఏళ్లపాటు నేను ఒక్క ఇంటర్వ్యూ బోర్డులోనూ కూర్చోలేదు. పిలిచిన ప్రతిసారీ ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను. ఒకసారి గొంతు బాగాలేదన్నాను, ఇంకోసారి క్లయింటు కాల్ ఉందన్నాను, మరోసారి మా బావమరిది ఇంట్లో గృహప్రవేశం అన్నాను. పాపం ఆ బావమరిదికి నేను మొత్తం మూడుసార్లు గృహప్రవేశం చేయించాను. ఎవరూ పట్టించుకోలేదు. ఈయనకు ఒళ్లు బద్ధకం అని మాత్రం ఆఫీసులో పేరొచ్చింది. బద్ధకం కాదు, భయం. ఇవాళ బోర్డుల్లో కూర్చుంటున్న మీరంతా నాకంటే తెలివైనవాళ్లు, అందులో సందేహం లేదు. నేనూ అప్పట్లో చాలా తెలివైనవాణ్ణే. అసలు గొడవంతా అక్కడే మొదలైంది.

మాది మలక్‌పేట. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే స్థిరపడిన గుమాస్తా. తొంభైల మొదట్లో నేను చేరిన కంపెనీ రెండు గదులు, ఒక కూలరు, నాలుగు కంప్యూటర్లు. నన్ను ఇంటర్వ్యూ చేసినాయన అడిగినవి రెండే ప్రశ్నలు. మొదటిది, లెక్కల్లో మార్కులెన్ని. రెండోది, కరెంటు పోయినప్పుడు కోపం వస్తుందా. రాదన్నాను. చేరమన్నారు. ఉద్యోగాలు అంత సులువుగా వచ్చిన కాలం అది.

పదేళ్లు గడిచేసరికి మా కంపెనీ మాదాపూర్ వైపు పెద్ద భవనంలోకి వెళ్లింది. ఎవరైనా నేరుగా రావచ్చని శనివారం వాకిన్ ఇంటర్వ్యూ పెడితే గేటు బయట రోడ్డు మలుపు దాకా జనం. ఎదురుగా ఛాయ్ బండాయన టై కట్టడం నేర్చుకున్నాడు. కుర్రాళ్లు అరువు తెచ్చుకున్న టైలు చేతిలో పట్టుకుని వరసగా నిలబడితే, ఒకచేత్తో ఛాయ్ గిన్నె కలుపుతూ మధ్యమధ్యలో ముళ్లు వేసి పంపించేవాడు. అందరి ముడీ ఒకేలా ఉండేది. బోర్డులో కూర్చుని ఆ ముడి చూసి మేం నవ్వుకునేవాళ్లం. ఎదుటివాళ్ల అవసరం మీద నవ్వడానికి మాకు అప్పట్లో తీరిక బాగానే ఉండేది.

ఆ రోజుల్లో దొంగ ఇంటర్వ్యూల బెడద ఎక్కువ. మొదట ఫోన్‌లో ఒక రౌండు, అందులో నెగ్గితే ఆఫీసుకు పిలిచి ఒక రౌండు. ఫోన్‌లో ఒకడు మాట్లాడేవాడు, ఉద్యోగానికి ఇంకొకడు వచ్చేవాడు. అలాంటివాడొకడు నా టీములోనే చేరాడు. మూడు వారాలు కంప్యూటరు ముందు కూర్చుని తెర వైపు చూస్తూ గడిపాడు. నిలదీస్తే ఏడ్చి, ఫోన్‌లో మాట్లాడింది మా సీనియరండీ అన్నాడు. నన్ను మా పైవాళ్లు అందరి ముందూ చివాట్లు పెట్టారు. ఆ అవమానం నేను మరిచిపోలేకపోయాను.

అందుకని ఒక పద్ధతి కనిపెట్టాను. ఫోన్ రౌండు చేసేవాళ్లు అభ్యర్థి జవాబులను ఒక కాగితం మీద రాయాలి. ఆఫీసుకు వచ్చినప్పుడు బోర్డులో ఉన్నవాళ్లు అందులోని ఒక ప్రశ్నను మాట మార్చకుండా మళ్లీ అడగాలి. జవాబు కాగితంతో కలిస్తే అదే మనిషి. కలవకపోతే దొంగ. పోల్చి చూస్తున్నామని అభ్యర్థికి చచ్చినా చెప్పకూడదు. చెబితే తర్వాతవాళ్లు జాగ్రత్తపడతారు కదా. ఇంకొకటి కూడా పెట్టాను. బోర్డు చేతికి జవాబుల కాగితం ఒక్కటే రావాలి, అభ్యర్థి ఫైలు రాకూడదు. ఏ ఊరు, ఏ కాలేజీ, ఎవరి సిఫారసు అన్నవి చూసి మనసు పక్కకు పోకుండా ఉండాలని. ఇది రాసిన రోజు నా న్యాయబుద్ధికి నేనే మురిసిపోయాను.

దొరికినవాళ్ల పేర్లు ఒక జాబితాలో చేర్చి, ప్రతి శనివారం ఊళ్లోని మిగతా కంపెనీల హెచ్ఆర్ వాళ్లకు మెయిల్ చేసేవాళ్లం. వాళ్లూ తమ దగ్గర దొరికినవాళ్ల పేర్లు పంపేవారు. ఆ ఇచ్చిపుచ్చుకోవడం కూడా నేను మొదలుపెట్టిందే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక మంగళవారం, బోర్డు ముందుకు ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడు ఏళ్లుంటాయి. ఇస్త్రీ చేసిన చుడీదారు, ప్లాస్టిక్ కవరులో సర్టిఫికెట్లు. బోర్డులో నేనూ, మా ప్రాజెక్టులు చూసే డెలివరీ మేనేజరూ ఉన్నాం. ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద. తెనాలి వైపు మనిషి, సిగరెట్లు మానేసి వక్కపొడి నములుతుండేవాడు.

కాగితంలో నేను గుర్తు పెట్టుకున్న ప్రశ్న హాల్‌టికెట్లది. పదివేల మంది విద్యార్థులకు హాల్‌టికెట్లు అచ్చువేసే ప్రోగ్రాం నడుస్తోంది. మధ్యలో కరెంటు పోయింది. తిరిగి వచ్చాక ఎక్కడి నుంచి మొదలుపెడతావు? ఫోన్‌లో ఆమె చెప్పిన జవాబు కాగితం మీద ఉంది. అచ్చయిన ప్రతి నంబరునూ ఒకచోట దాచుకుంటాను, కరెంటు వచ్చాక దాని తర్వాతి నంబరు నుంచి మొదలుపెడతాను. మేం పుస్తకాల్లో చదువుకున్నదీ అదే. పక్కన టిక్కు కూడా ఉంది.

నేను ప్రశ్న అడగగానే ఆమె నవ్వింది. చిన్న నవ్వు, ఇద్దరికీ ముందే తెలిసిన సంగతి ఒకటి మాట్లాడుకోబోతున్నట్టు. నాకు వెంటనే అనుమానం వచ్చింది. తర్వాత ఆమె మెల్లగా, ఇంగ్లీషులో మాటలు వెతుక్కుంటూ జవాబు చెప్పింది. దాచుకున్న నంబరును నమ్మకూడదంది. నంబరు దాచుకునే సమయానికి ఆ కాగితం ప్రింటరులో సగంలో ఉండొచ్చు. లెక్కలో అచ్చయినట్టే ఉంటుంది, కాగితం మాత్రం పాడైపోయి ఉంటుంది. అందుకని ఒకటి వెనక్కి వెళ్లి, ఆ హాల్‌టికెట్‌ను మళ్లీ వేసి, అప్పుడు ముందుకు పోవాలంది.

మంచి జవాబు. మంచి జవాబని నాకు అప్పుడే తెలుసు. అదే నాకు నచ్చలేదు. కాగితం మీద ఉన్నది ఇది కాదు, ఫోన్‌లో గడగడా మాట్లాడిందని రాశారు, ఈమె నత్తనడక నడుస్తోంది, పైగా ప్రశ్న వినగానే నవ్వింది. ఎవరో ముందే కూర్చోబెట్టి నేర్పి పంపారని తేల్చేసుకున్నాను. "ఫోన్‌లో వేరేగా చెప్పావేం?" అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగకూడదన్న నిబంధన రాసింది నేనే.

ఆమె బయటికి వెళ్లాక మా మేనేజరు వక్కపొడి డబ్బా మూత పెడుతూ అన్నాడు, "ఏమయ్యా, ఈ మాట నీకు ఎప్పుడైనా తట్టిందా? నాకు తట్టలేదు. ఇరవయ్యేళ్ల బట్టీ ఇదే పని చేస్తున్నాను. తీసుకుందాం."

నేను కాగితం ఆయన ముందుకు జరిపాను. "జవాబు కలవలేదండి. మనిషి వేరు."

"నాకు అట్టా అనిపించట్లేదు."

"మీకూ నాకూ అనిపించేదాన్ని బట్టి పోకూడదనేగా ఈ పద్ధతి పెట్టుకున్నాం."

ఆయన డబ్బా జేబులో వేసుకున్నాడు. "సరేలే, నీ పద్ధతి, నీ ఇష్టం," అని లేచాడు. నేను నెగ్గాను. ఆ శనివారం జాబితాలో ఆమె పేరు పంపాను.

ఏడాదిన్నర తర్వాత మా ఆఫీసు ఇంకో భవనంలోకి మారింది. పాత ఫైళ్లన్నీ చింపి పారేయమన్నారు. చింపేముందు ఒక్కొక్కటీ తిరగేస్తున్న మా హెచ్ఆర్ అమ్మాయి, ఒక మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి ఒక ఉత్తరం పెట్టింది. ఆమెది సైదాబాదు. ఎంత పెద్దవాళ్లనైనా మొహం మీదే అడిగే మనిషి.

"ఏంది సార్ ఇది? మీరు సదివిన్రా?"

చదవలేదు. రెండు పేజీలు, చేత్తో రాసింది, రిసెప్షన్ ముద్ర వేసి ఉంది. తేదీ, హాల్‌టికెట్ల ప్రశ్న అడిగిన ఆ మంగళవారానికి నాలుగు రోజుల ముందుది. "అయ్యా, నిన్న ఎస్టీడీ బూత్ నుంచి మాట్లాడాను. నా వెనక జనం నిలబడి తొందరపెడుతుంటే గబగబా చెప్పేశాను. ఇంటికి వెళ్లి ఆలోచిస్తే హాల్‌టికెట్ల ప్రశ్నకు నేను చెప్పిన జవాబు తప్పని తెలిసింది," అని మొదలుపెట్టి, ఒకటి వెనక్కి ఎందుకు వెళ్లాలో వివరంగా రాసింది. చివర ఈ మాట ఉంది: "ఒకరికి రెండు హాల్‌టికెట్లు వస్తే నష్టం లేదు. ఒక్కటీ రాకపోతే ఆ విద్యార్థి పరీక్ష రాయలేడు."

పాతబస్తీ వైపు కార్వాన్ నుంచి రెండు బస్సులు మారి వచ్చి ఆ ఉత్తరం ఇచ్చి వెళ్లింది. తర్వాత మేం ఇంటర్వ్యూకు పిలిచేసరికి, అది చదివే పిలిచామనుకుంది. నేను అదే ప్రశ్న అడిగేసరికి, ఉత్తరం గురించి అడుగుతున్నాననుకుని నవ్వింది.

"మరి నాకెందుకు చూపించలేదు?" అన్నాను. నా గొంతు నాకే బాగా అనిపించలేదు.

"ఫైలు బోర్డుకు ఇయ్యొద్దని మీరే రాసిన్రు గద సార్. నేను పిన్ను గొట్టి రెజ్యూమె ఎనక పెట్టిన." ఆమె ఉత్తరం మడిచి నా చేతికిచ్చింది. "ఆ పిల్ల పేరు ఇంక గా లిస్టుల ఉంది సార్. ఏం జేద్దాం?"

చేయాల్సింది ఒక్కటే. తప్పు మాదని ఒక మెయిల్ రాసి అందరికీ పంపాలి. చేర్చిన మనిషే తీయించాలన్నది నిబంధన, అంటే నేనే. చేస్తానన్నాను. ముందు ఉత్తరం రాసిన అమ్మాయిని కలిసి వస్తే బాగుంటుందనిపించి, ఆ ఆదివారం మధ్యాహ్నం ఉత్తరం జేబులో పెట్టుకుని స్కూటరు మీద కార్వాన్ వెళ్లాను. ఊళ్లో ముప్పై ఏళ్లుగా ఉంటున్నా ఆ సందుల్లోకి వెళ్లడం నాకు అదే మొదటిసారి. ఇంటి నంబర్లు ఒక వరసలో లేవు. గోలీసోడా కొట్టు ముందు కూర్చున్న ముసలాయన నా అవస్థ చూసి, "కిస్కా ఘర్ హోనా సాబ్?" అని ఎవరిల్లు కావాలో అడిగాడు. ఫైల్లో చూసింది గుర్తు చేసుకుని, బస్ డిపోలో మెకానిక్ ఇల్లు, కూతురు కంప్యూటర్ చదివిందట అన్నాను. ఆయన లేచి వచ్చి గుమ్మం దాకా దిగబెట్టి పోయాడు.

రెండు గదుల ఇల్లు. గోడకు చర్చి క్యాలెండరు. తలుపు తీసిన తండ్రి నా కంపెనీ పేరు వినగానే బనీను మీద చొక్కా వేసుకుని వచ్చి కుర్చీ తుడిచాడు. ఆయన కళ్లలో వెలుగు చూసి నాకు భయం వేసింది. నేను ఉద్యోగం పట్టుకొచ్చాననుకున్నాడు.

"కూసోన్రి సార్. బిడ్డా, ఛాయ్ పెట్టమను మీ అమ్మను."

లోపలి నుంచి ఆమె వచ్చి గోడ వారగా నిలబడింది. ఒక చిన్న స్కూల్లో కంప్యూటరు పాఠాలు చెబుతోందట.

తండ్రే మాట్లాడాడు. "ఏం తప్పు జేసింది సార్ మా బిడ్డ? మీ కంపెనీ తర్వాత ఇంక తొమ్మిది కంపెనీలు తిరిగింది. లోపట మంచిగనే మాట్లాడ్తరట. మళ్ల ఒక్కడు గూడ ఫోన్ చెయ్యడు. మాది గరీబు బస్తీ అనా, ఏంది సార్?"

"తప్పేమీ లేదండీ," అని ఉత్తరం తీశాను.

ఆమె దాన్ని చూడగానే గుర్తుపట్టింది. "గా చిట్టీల నేను రాసింది తప్పా సార్?"

"కాదమ్మా. అదే సరైన జవాబు. ఉత్తరం మేం చూడలేదు. పొరపాటు మాది."

ఆమె తల వంచుకుంది. "ముందుగాల నాకు మస్తు నమ్మకముండె. మీరు తీసుకోకపోయేసరికి, అడగకున్నా పోయి తప్పు రాసిచ్చి వచ్చిన్నేమో అనుకున్న. ఎంత సిగ్గయిందో సార్. ఇంగ నాకు గీ పని రాదేమో అని బడిల చేరిన."

అక్కడ చెప్పాలి. నీ పేరు ఒక జాబితాలో ఉంది, దొంగ అని రాసి ఉంది, రాసింది నేను, తొమ్మిది చోట్లా నిన్ను ఆపింది అదే అని. నోటి దాకా వచ్చింది. ఛాయ్ కప్పు చేతికి ఇస్తూ వాళ్లమ్మ, "మా కోసరం ఇంత దూరం వచ్చిన్రు సార్," అంది. నాకు ధైర్యం చాలలేదు. ఎలాగూ రేపు పేరు తీయించేస్తాను, ఇప్పుడు చెప్పి వాళ్లను బాధపెట్టడం ఎందుకని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మీరెప్పుడైనా ఎదుటివాళ్ల బాధ గురించి మరీ ఎక్కువగా ఆలోచిస్తున్నట్టు అనిపిస్తే, అందులో మీ బాధ ఎంత ఉందో ఒకసారి చూసుకోండి.

మా కంపెనీలో అప్పుడు కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశారు. అందుకని ఇంకో కంపెనీలో గురువారం వాకిన్ ఉందని చెప్పాను. "వెళ్లమ్మా. నీకు పని వచ్చు," అన్నాను.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, సారే చెప్తున్నడు గద," అన్నాడు తండ్రి. నా విజిటింగ్ కార్డు ఇచ్చి వచ్చేశాను.

సోమవారం మెయిల్ రాశాను. పంపలేదు. ఎందుకంటే బుధవారం నాడు పై ఆఫీసు నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. దొంగ ఇంటర్వ్యూలను పట్టుకునే నా పద్ధతి గురించి వాళ్ల ముందు నేను ఉపన్యాసం ఇవ్వాలి. బాగుంటే మిగతా ఊళ్లలోని ఆఫీసుల్లోనూ అదే పెడతారు. రెండు రోజుల ముందు, నా పద్ధతి ఒక నిజాయితీపరురాలిని దొంగను చేసిందని ఊరంతటికీ నేనే మెయిల్ పంపితే? రెండు రోజులేగా, గురువారం పొద్దున్నే పంపుదాం అనుకున్నాను. "పంపిన్రా సార్?" అని హెచ్ఆర్ అమ్మాయి సోమవారం అడిగింది, మంగళవారం అడిగింది. పంపుతున్నా అన్నాను. బుధవారం ఉపన్యాసం బాగా జరిగింది, చప్పట్లు కొట్టారు. ఆమె వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత నన్ను మళ్లీ అడగలేదు.

గురువారం పొద్దున వచ్చినవాళ్లతో ఫలహారాలు, ఫోటోలు. ఇవాళే వాకిన్ అన్నది మధ్యాహ్నం మూడింటికి గుర్తొచ్చింది. ఆ కంపెనీ హెచ్ఆర్‌కు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేయలేదు. చివరికి ఆ మెయిల్ శుక్రవారం మధ్యాహ్నం పంపాను. రెండు కంపెనీల నుంచి థాంక్స్ అని జవాబు వచ్చింది, మిగతావాళ్ల నుంచి అదీ లేదు. మా మేనేజరు మెయిల్ చదివి నా గదికి వచ్చి, దాని ప్రింటు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

ఆ మెయిల్ పంపడానికైనా కారణం, శుక్రవారం పొద్దున వచ్చిన ఫోన్.

"సార్, నేను సార్, కార్వాన్ నుంచి." వెనక ఆటోల మోత, ఎవరో త్వరగా కానిమ్మంటున్నారు. "నిన్న పోయిన సార్. మూడు రౌండ్లు మంచిగయినయి. మస్తు మెచ్చుకున్రు. ఆఖరుకు హెచ్ఆర్ మేడం పేరు అడిగి కంప్యూటర్ల చూసింది. మొఖం మార్చుకున్నది. ఇంటికి పో, చెప్తం అన్నది." మళ్లీ తనే, "ఏడ తప్పు చెప్పిన్నో సమజ్ అయితలేదు సార్. మీకేమన్న ఎరుకైతదేమో అని చేసిన," అంది.

అప్పుడు చెప్పాను. జాబితా సంగతి, నేను రాసిన మాట, తొమ్మిది కంపెనీలు, నిన్నటితో పది, సోమవారం నుంచి నా కంప్యూటరులో పడి ఉన్న మెయిల్, అన్నీ. ఎన్నిసార్లు క్షమించమన్నానో గుర్తులేదు. ఇప్పుడే పంపిస్తానన్నాను. బూత్‌లో వెనకవాళ్లు ఏదో అంటున్నారు. ఈసారి ఆమె తొందరపడలేదు.

"ప్రతి ఇంటర్వ్యూ అయినంక ఇంటికొచ్చి అన్ని ప్రశ్నలు రాసుకున్న సార్," అంది. "ఏడనో తప్పు చెప్పిన, అందుకే తీసుకుంటలేరు అని, ఒక్కొక్క జవాబు కొట్టేసి వేరే రాసుకున్న. మళ్లొక తాన గదే అడిగితే దిద్దింది చెప్పిన. గదీ కాలేదని మళ్ల దిద్దిన." గొంతు ఎక్కడా పెరగలేదు. "అంటే నేను మంచిగున్న జవాబులన్ని దిద్దుకున్న సార్. ఇప్పుడు అండ్ల ఏది అసలుదో నాకే యాదికి లేదు."

ఫోన్ పెట్టేసింది.